ఇంటి రసాయనాలు కంట్లో చిందినప్పుడు ప్రథమ చికిత్స: గోదావరి డెల్టా గ్రామాలలో విస్తరణ సిబ్బంది పాత్ర

సారాంశం

గోదావరి డెల్టా గ్రామీణ గృహాలలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, మరుగుదొడ్లను శుభ్రపరిచే ఆమ్లం, ఫినాయిలు, సబ్బు ద్రావణాలు నిత్య వినియోగంలో ఉన్నాయి. వీటిలో ఏది కంట్లో పడినా చూపు దక్కడం, దక్కకపోవడం అనేది చాలావరకు ఆసుపత్రికి చేరకముందు గడిచే తొలి నిమిషాలపైనే ఆధారపడి ఉంటుంది. ఆ నిమిషాలలో చేయవలసిన పని ఒక్కటే: ఆలస్యం లేకుండా, ధారాళంగా, తగినంత సేపు నీటితో కంటిని కడగడం. దీని వెనుక ఉన్న శాస్త్రీయ కారణాలు, సున్నం విషయంలో పాటించవలసిన ప్రత్యేక జాగ్రత్తలు, గ్రామాలలో ఉన్న అపోహలు, శిక్షణ కార్యక్రమాలలో ఈ అంశాన్ని చేర్చవలసిన తీరు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ఉపోద్ఘాతం

ఉభయ గోదావరి జిల్లాలలో సంక్రాంతికి ముందు ఇళ్లకు వెల్ల వేయడం పాత ఆచారం. పొడిసున్నాన్ని తొట్టిలో వేసి నీరు పోసినప్పుడు అది కుతకుత ఉడికి తుంపరలు ఎగజిమ్ముతుంది. భీమవరం, ఉండి, ఆకివీడు పరిసరాలలో చేపలు, రొయ్యల చెరువులను సిద్ధం చేసేటప్పుడు సున్నం, బ్లీచింగ్ పౌడరు బస్తాల కొద్దీ చల్లుతారు. తాటిబెల్లం కోసం నీరా తీసేవారు నీరా పులవకుండా కుండల లోపల సున్నం పూస్తారు. తాంబూలం వేసుకునే ఇంట్లో సున్నపు డబ్బా పిల్లలకు అందే ఎత్తులోనే ఉంటుంది. గోదావరి వరద తీసిన తరువాత లంక గ్రామాలలో బావులకు, వీధులకు బ్లీచింగ్ పౌడరు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. వీటికి తోడు గత రెండు మూడు దశాబ్దాలలో ఇంటింటా మరుగుదొడ్లు, గచ్చు నేలలు రావడంతో ఆమ్లపు సీసాలు, ద్రవ బ్లీచ్, గాజు తుడిచే ద్రావణాలు వంటింటి గట్టు కిందికి చేరాయి.

పురుగుమందుల వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలను విస్తరణ విభాగం ఎన్నో ఏళ్లుగా రైతులకు బోధిస్తున్నది. మందు డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల అర్థం రైతులలో చాలామందికి తెలుసు. అదే రైతు ఇంటిలో స్నానాల గది శుభ్రం చేసే స్త్రీకి తన చేతిలోని సీసా గురించి చెప్పినవారు అరుదు. కంటికి సంబంధించినంత వరకు ఆ సీసా చాలా పురుగుమందులకు తీసిపోని ప్రమాదకారి.

డెల్టా గృహాలలో వాడే రసాయనాలు

కంటికి హాని చేసే గుణాన్ని బట్టి ఈ పదార్థాలను మూడు వర్గాలుగా విభజించవచ్చు.

క్షారాలు: పొడిసున్నం, తడిసున్నం, బ్లీచింగ్ పౌడరు, ద్రవ బ్లీచ్, వాషింగ్ సోడా, మురుగు గొట్టాలలో అడ్డు తొలగించే కాస్టిక్ సోడా, అమ్మోనియా కలిసిన గాజు శుభ్రకాలు, తాజా సిమెంటు ఈ వర్గానికి చెందుతాయి.

ఆమ్లాలు: మరుగుదొడ్లు శుభ్రపరిచే ద్రావణాలలో సాధారణంగా సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. గచ్చు మరకలకు విడిగా అమ్మే ఆమ్లం ఇంతకంటే గాఢమైనది. ఇన్వర్టరు, ట్రాక్టరు బ్యాటరీలలో గంధకామ్లం ఉంటుంది.

ఇతరాలు: ఫినాయిలు, గిన్నెలు తోమే ద్రవాలు, బట్టల సబ్బు పొడులు, శానిటైజరు. వీటిలో పలుచని సబ్బు నీరు వంటివి ఎక్కువగా మంట, ఎరుపు కలిగించి తగ్గిపోతాయి. గాఢమైన ద్రావణాలు మాత్రం కంటి పై పొరను ఒలిచివేయగలవు.

కంటిలో జరిగే మార్పులు

కన్నీటి ఉదజని సూచిక సుమారు 7.4. సున్నపుతేట సూచిక సుమారు 12.4. నేల పరీక్షలు చేసే విద్యార్థికి ఈ తేడా అర్థం వెంటనే బోధపడుతుంది. సూచికలో ఒక్కో అంకె పది రెట్ల మార్పును తెలుపుతుంది కనుక, ఐదు అంకెల తేడా అంటే క్షార గాఢత లక్ష రెట్లు పెరిగినట్లు. ఈ భారాన్ని భరించవలసిన శుక్లపటలం మందం దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే.

ఆమ్లం తాకినప్పుడు కంటి పై పొరలోని మాంసకృత్తులు గడ్డకడతాయి. గడ్డకట్టిన ఆ పొర కొంతవరకు అడ్డుగోడలా నిలిచి ఆమ్లాన్ని లోతుకు పోనివ్వదు. గాఢ ఆమ్లం విషయంలో ఈ రక్షణ చాలదు, అయినా హాని సాధారణంగా పైభాగాలకే పరిమితమయ్యే అవకాశం ఉంటుంది.

క్షారం తీరు వేరు. కణాల గోడలలోని కొవ్వులతో కలిసి అది వాటిని సబ్బుగా మారుస్తుంది. గోడలు కరిగిన దారిలోనే మరింత లోపలికి చొచ్చుకుపోతుంది. గాఢ క్షారాలు నిమిషాల వ్యవధిలోనే శుక్లపటలాన్ని దాటి కంటి ముందు గదిలోని ద్రవాన్ని చేరుకొని, కటకానికి, కంటిపీడనాన్ని నియంత్రించే భాగాలకు హాని చేయగలవు. మొదట స్వల్పంగా కనిపించిన క్షార గాయం తరువాత తీవ్రరూపం దాల్చడానికి కారణం ఇదే.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున శుక్లపటలాన్ని నిత్యం పునరుద్ధరించే మూలకణాలు ఉంటాయి. ఈ అంచును లింబస్ అంటారు. అక్కడి రక్తనాళాలు కాలిపోతే మూలకణాలు నశిస్తాయి. అప్పుడు పారదర్శకంగా ఉండవలసిన శుక్లపటలం మీదికి తెల్లగుడ్డు పై పొర, రక్తనాళాలు పాకి చూపు మసకబారుతుంది. విస్తరణ సిబ్బంది గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఎర్రబడిన కన్ను చూసి అందరూ భయపడతారు. రక్తనాళాలు మూసుకుపోయి పాలిపోయిన తెల్లని కన్ను అంతకంటే ప్రమాదకరం. నరాలు దెబ్బతిన్నందువల్ల నొప్పి కూడా తక్కువగా ఉండవచ్చు. "కన్ను ఎర్రబడలేదు, నొప్పీ లేదు" అని ఇంట్లోనే ఉండిపోయినవారు చికిత్సకు పనికివచ్చే సమయాన్ని కోల్పోతారు.

తక్షణం చేయవలసిన పనులు

1. రసాయనం పడిన చోటనే, ఆ క్షణంలోనే కడగడం మొదలుపెట్టాలి. వైద్యునికి ఫోను చేయడం, సీసా మీది అక్షరాలు చదవడం, వాహనం కోసం వెతకడం పక్కనున్నవారు చేయాలి. గాయపడిన వ్యక్తి కన్ను మాత్రం నీటి ధార కింద ఉండాలి.

2. తలను గాయపడిన కంటివైపు వంచాలి. గాయపడిన కన్ను కిందివైపు ఉండాలి. నీటిని ముక్కు వైపు మూల నుండి చెవి వైపుకు పారేటట్లు పోయాలి. అలా చేస్తే కడిగిన నీరు రెండవ కంటిలోకి పోదు. రెండు కళ్లలోనూ పడినట్లయితే వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు దూలం మీద పోస్తే నీరు రెండు వైపులా పారుతుంది.

3. మంట వల్ల రెప్పలు గట్టిగా మూసుకుపోతాయి. మూసిన రెప్పల మీద ఎంత నీరు పోసినా ప్రయోజనం లేదు. శుభ్రమైన వేళ్లతో పై రెప్పను, కింది రెప్పను విడదీసి పట్టుకోవాలి. కంటిని పైకి, కిందికి, పక్కలకు తిప్పమని చెబుతూ ఉంటే రెప్పల మడతలలో దాగిన రసాయనం కూడా కొట్టుకుపోతుంది.

4. కుళాయి నీరైనా, చెంబుతో పోసే నీరైనా ధార మెత్తగా ఉండాలి. మోటారు గొట్టం నుండి వేగంగా వచ్చే నీటిని నేరుగా కంటికి పట్టకూడదు.

5. కాంటాక్టు లెన్సు ఉంటే కడుగుతూనే తీసివేయాలి. సులువుగా రాకపోతే దాని కోసం కడగడం ఆపకూడదు.

6. కనీసం 15 నుండి 20 నిమిషాలు కడగాలి. సున్నం, బ్లీచ్, కాస్టిక్ సోడా, గాఢ ఆమ్లం పడినప్పుడు అరగంటకు తగ్గకూడదు. మంట తగ్గిందని మధ్యలో ఆపకూడదు. గడియారం చూడటం తప్పనిసరి, ఎందుకంటే బాధలో ఉన్నవారికి రెండు నిమిషాలే పది నిమిషాలుగా తోస్తాయి.

7. రసాయనం చిందిన దుస్తులు తొలగించి, ముఖం, జుట్టు కూడా కడగాలి. సహాయం చేసేవారు తమ చేతులకు, కళ్లకు అది అంటకుండా జాగ్రత్తపడాలి.

చిన్నపిల్లల విషయంలో చేతులు కదలకుండా తువ్వాలులో చుట్టి, ఒకరు ఒడిలో పట్టుకుంటే మరొకరు రెప్పలు తెరిచి నీరు పోయాలి. బిడ్డ ఏడుస్తున్నదని ఆపడం జాలి అనిపించుకోదు.

సున్నం పడినప్పుడు

సున్నంలో నీరు పోస్తే వేడి పుడుతుందని గ్రామాలలో అందరికీ తెలుసు. ఈ అనుభవం నుండే "కంట్లో సున్నం పడితే నీరు పోయకూడదు" అనే అపోహ పుట్టింది. దీని వల్ల పోయిన సమయాన్ని తిరిగి తెచ్చుకోలేము కనుక ఈ అంశాన్ని శిక్షణలో ప్రత్యేకంగా వివరించాలి.

పొడిసున్నం నీటితో కలిసి వేడిని విడుదల చేయడం నిజమే. అయితే కంట్లో పడిన సున్నానికి కన్నీటి తడి అప్పటికే అందింది, చర్య అప్పటికే మొదలైంది. కొద్దిపాటి నీరు ఆ వేడిని అక్కడే నిలుపుతుంది. ధారాళమైన నీరు వేడిని, క్షారాన్ని రెండింటినీ మోసుకుపోతుంది. తాంబూలపు సున్నం, వెల్ల సున్నం అప్పటికే నీటితో కలిసినవి కనుక వాటి విషయంలో వేడి ప్రశ్నే లేదు.

పాటించవలసిన క్రమం ఇది. ముఖం మీద, కనుబొమలలో, రెప్పల వెంట్రుకలపై ఉన్న పొడిని ముందుగా పొడి గుడ్డతో దులపాలి. కంట్లో కనిపించే ముద్దలను తడి దూదితోగాని, మెత్తని తడి గుడ్డ కొసతోగాని సున్నితంగా ఎత్తివేయాలి. ఇదంతా కొన్ని సెకన్లలో ముగించి నీటి ధార మొదలుపెట్టాలి. ముద్ద రాకపోయినా కడగడం ఆపకూడదు. సున్నం రేణువులు పై రెప్ప లోపలి మడతలో అతుక్కొని గంటల తరబడి క్షారాన్ని విడుదల చేస్తూనే ఉంటాయి. అందువల్ల సున్నం పడిన ప్రతి కంటినీ, ఎంత బాగా కడిగినా, కంటి వైద్యుడు రెప్ప తిప్పి పరీక్షించాలి.

ప్లాస్టిక్ పొట్లాలలో అమ్మే తాంబూలపు సున్నాన్ని పిల్లలు నొక్కి ఆడుకునేటప్పుడు పొట్లం పగిలి కళ్లలో చిందిన ఘటనలను భారతదేశంలోని కంటి వైద్యులు వైద్య పత్రికలలో నివేదించారు. తీవ్రమైన క్షార గాయాలతో శాశ్వతంగా చూపు కోల్పోయిన పిల్లలు వీరిలో ఉన్నారు.

ఏ నీరు, ఎంత నీరు

పరిశ్రమలలో కళ్లు కడిగే పరికరాలకు అమెరికా ప్రమాణాల సంస్థ నిర్దేశించిన కనీస ప్రవాహం నిమిషానికి సుమారు 1.5 లీటర్లు, కాలం 15 నిమిషాలు. అంటే దాదాపు 22.5 లీటర్లు. డెల్టా గ్రామాలలో ఇప్పుడు ఇంటింటా కనిపించే 20 లీటర్ల తాగునీటి డబ్బా ఒకటి ఈ లెక్కన 13 నిమిషాలకు వస్తుంది. ఒక డబ్బా, దానితోపాటు ఒక బిందె నీరు ఉంటే ప్రథమ చికిత్స ప్రారంభానికి కొరత ఉండదు. ఖరీదైన పరికరమేదీ అవసరం లేదు.

తాగడానికి పనికివచ్చే నీరు శ్రేష్ఠం. చెరువు గట్టు మీదనో, పొలంలోనో ప్రమాదం జరిగి అటువంటి నీరు లేకపోతే, దాని కోసం ఊరికి పరుగెత్తే కంటే అందుబాటులో ఉన్న వాటిలో తేటైన నీటితో వెంటనే మొదలుపెట్టి, మంచి నీరు చేరిన తరువాత దానితో కొనసాగించడం మేలు. కాలువ నీటితో కడిగినట్లయితే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఇబ్బందిని మందులతో ఎదుర్కోవడానికి వ్యవధి ఉంటుంది, క్షారం ఆ వ్యవధి ఇవ్వదు. సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లే రోజున గట్టు మీద రెండు డబ్బాల మంచినీరు ఉంచుకోవడం రైతులకు అలవాటు చేయాలి.

నేల, నీటి పరీక్షలకు వాడే ఉదజని సూచిక కాగితం విస్తరణ కేంద్రాలలో, అనేక చెరువుల వద్ద ఉంటుంది. కడగడం ఆపిన ఐదు, పది నిమిషాల తరువాత కింది రెప్ప లోపలి తడికి కాగితపు కొసను తాకించి, రెండవ కంటి తడితో పోల్చవచ్చు. తేడా ఉంటే మరల కడగాలి. కాగితం లేదని ఆగవలసిన పని లేదు.

చేయకూడని పనులు

ఆమ్ల నేలను సున్నంతో సరిదిద్దడం చదువుకున్న విద్యార్థికి, కంట్లో పడిన ఆమ్లానికి వంటసోడా, క్షారానికి నిమ్మరసం విరుగుడు కావచ్చునని తోచడం సహజం. ఇది ప్రమాదకరం. తటస్థీకరణ చర్యలో పుట్టే వేడి, మోతాదు తప్పితే కలిగే రెండవ గాయం మొదటి దానికి తోడవుతాయి. ఈ సందర్భానికి సరిపోలిన వ్యవసాయ ఉదాహరణ చవుడు నేలలో మంచినీరు నిలిపి లవణాలను కడిగి బయటకు పంపడం. కంటికి కావలసినది కూడా అదే.

తల్లిపాలు, నెయ్యి, ఆముదం, పన్నీరు, నందివర్ధనం పూల రసం కంటికి చలువ అని పెద్దలు వాడే పద్ధతి ఉంది. ఆ నమ్మకాన్ని అవహేళన చేయకుండా, రసాయన గాయంలో కావలసినది లీటర్ల కొద్దీ ప్రవాహమని, నాలుగు చుక్కలు ఆ పని చేయలేవని వివరించాలి. నూనె పదార్థాలు రసాయనాన్ని కంట్లోనే నిలిపి ఉంచవచ్చు కూడా. కోనసీమలో చేతికందే కొబ్బరినీరు కొంత ఆమ్లగుణం కలది, అది నీటికి ప్రత్యామ్నాయం కాదు.

కన్ను నలపకూడదు. కడగకముందే కట్టు కట్టకూడదు. ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందులు, దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేయకూడదు. స్టెరాయిడ్ చుక్కలను వైద్యులు కూడా ఈ గాయాలలో కాలపరిమితి చూసి మాత్రమే వాడతారు.

ఆసుపత్రికి చేర్చడం, చికిత్స

పలుచని సబ్బు నీరు వంటివి పడి, కడిగిన తరువాత మంట, ఎరుపు, మసక పూర్తిగా తగ్గితే ఇంట్లో గమనిస్తే చాలు. సున్నం, బ్లీచ్, కాస్టిక్ సోడా, ఆమ్లం, గాఢ ఫినాయిలు, పురుగుమందు పడినప్పుడు లక్షణాలతో సంబంధం లేకుండా అదే రోజు, వీలైనంత త్వరగా కంటి వైద్యునికి చూపాలి. 108 అంబులెన్సు వచ్చే వరకు, ప్రయాణంలోనూ సీసాలతో నీరు పోస్తూ ఉండవచ్చు. రసాయనం సీసాను లేదా దాని లేబులును వెంట తీసుకువెళ్లాలి. పురుగుమందు విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆర్గానోఫాస్ఫేటు మందులు కంటి ద్వారా కూడా శరీరంలోకి ఇంకగలవు.

పడవ దాటి రావలసిన లంక గ్రామాల నుండి కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయాన్ని బట్టి చూస్తే, ఇంటి వద్ద కడగడానికి ఉన్న విలువ స్పష్టమవుతుంది. ఆసుపత్రిలో కూడా మొదటి పని కడగడమే. మత్తు చుక్కలు వేసి, సెలైనుతో సూచిక సాధారణ స్థితికి వచ్చే వరకు కడిగి, రెప్పల మడతలలోని రేణువులను తుడిచివేస్తారు. ఆపై గాయం తీవ్రతను బట్టి మందులు, అవసరమైతే ఉమ్మనీటి పొరను కంటిపై అమర్చే శస్త్రచికిత్స చేస్తారు.

లింబస్ మూలకణాలు నశించిన కంటికి చికిత్సలో తెలుగు నేలకు ప్రపంచ ఖ్యాతి ఉంది. 1987లో ప్రారంభమైన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు ఆరోగ్యవంతమైన రెండవ కంటి అంచు నుండి అతి చిన్న ముక్కను తీసి, ప్రయోగశాల అవసరం లేకుండానే గాయపడిన కంటిపై నాటి మూలకణాలను పెంచే సరళ విధానాన్ని 2012లో ప్రకటించారు. అయితే ఈ విధానానికి ఒక కన్నైనా ఆరోగ్యంగా ఉండాలి. రెండు కళ్లూ కాలినవారికి సొంత కంటి నుండి తీయగల ముక్క ఉండదు. ఎంత గొప్ప శస్త్రచికిత్స అయినా తొలి అరగంటలో పోసిన నీటికి బదులు కాజాలదు.

నివారణ

పొడిసున్నాన్ని ఉడికించేటప్పుడు తొట్టిపై వంగి చూడకూడదు. సున్నం, బ్లీచింగ్ పౌడరు గాలివాలుకు నిలబడి చల్లాలి, రక్షణ కళ్లజోడు ధరించాలి. రసాయనాలను శీతల పానీయాల సీసాలలోకి మార్చకూడదు. నీటిలోకి రసాయనాన్ని కలపాలి తప్ప గాఢ ఆమ్లంపై నీరు పోయకూడదు. బ్లీచింగ్ పౌడరును ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు, అమ్మోనియా శుభ్రకంతో కలిపితే క్లోరమిన్ వాయువులు వెలువడతాయి. రెండూ కళ్లకు, ఊపిరితిత్తులకు హానికరం. సున్నపు పొట్లాలు, డబ్బాలు పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి.

విస్తరణ కార్యక్రమాలలో అమలు

ఉండి, కలవచర్ల కృషి విజ్ఞాన కేంద్రాలలో జరిగే మహిళా శిక్షణలలో, చెరువుల యాజమాన్యంపై రైతు సమావేశాలలో, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో నివసించే చివరి సంవత్సరం విద్యార్థుల కార్యాచరణలో ఈ అంశానికి అరగంట కేటాయించవచ్చు. ఉపన్యాసం కంటే పద్ధతి ప్రదర్శన ఫలవంతం. ఒక మహిళ తల వంచి పడుకోగా మరొకరు చెంబుతో ముక్కు వైపు నుండి చెంప మీదుగా నీరు పోసి, మిగిలినవారు గడియారం చూడాలి. పదిహేను నిమిషాలు ఎంత దీర్ఘమో, ఎన్ని చెంబుల నీరు పడుతుందో ఒకసారి చేసి చూసినవారికి మరల చెప్పనవసరం లేదు.

సందేశం మూడు వాక్యాలకు మించకూడదు: వెంటనే కడుగు, రెప్పలు తెరిచి అరగంట కడుగు, సీసాతో సహా వైద్యుని వద్దకు వెళ్లు. శిక్షణకు ముందు, తరువాత "సున్నం పడితే నీరు పోయవచ్చునా?" అనే ఒక్క ప్రశ్న అడిగి సమాధానాలను నమోదు చేస్తే శిక్షణ ఫలితాన్ని అంచనా వేయడం సులభం. సంక్రాంతికి ముందు నెల, చెరువులను సిద్ధం చేసే కాలం, వరదల అనంతర వారాలు ఈ ప్రచారానికి అనువైన సమయాలు.

ముగింపు

డెల్టాలో నీటికి కొరత లేదు, ఇంటింటా మంచినీటి డబ్బా ఉంది. కంటి రసాయన గాయానికి కావలసిన మొదటి మందు ఇప్పటికే ప్రతి ఇంటి గుమ్మంలో ఉన్నదన్నమాట. లేనిదల్లా దానిని వెంటనే వాడవచ్చునన్న ధైర్యం, ఎంతసేపు వాడాలన్న జ్ఞానం. ఆ రెండింటినీ అందించడం విస్తరణ శాస్త్రవేత్తలకు అదనపు వ్యయం లేని పని. సున్నపు తొట్టి పక్కన నిలిచిన ఒక్క వ్యక్తికి ఈ విషయం తెలిసి ఉన్నా ఒక కన్ను దక్కుతుంది.